చక్రం దాటగానే సిగ్నల్ ఎర్రబడింది, పట్టాల పక్కన స్విచ్ మాత్రం కనిపించలేదు. ఎలా పనిచేస్తుంది?

చక్రధ్వని:
అందరికీ నమస్కారం. నిన్న ప్లాట్‌ఫారం చివర నిలబడి బండి బయలుదేరడం చూశాను. ఎదుట సిగ్నల్ ఆకుపచ్చగా ఉంది. ఇంజను ముందు చక్రాలు దాన్ని దాటీ దాటగానే ఎర్రగా మారిపోయింది. ఎవరో బటన్ నొక్కినంత కచ్చితంగా. చక్రం బరువుకి నొక్కుకునే మీట ఏదో ఉండి ఉంటుందని బండి వెళ్లాక వెతికాను. ఏమీ లేదు. ఒక చోట పట్టాల రెండు ముక్కల మధ్య సన్నని నల్లటి ముక్క ఇరికించి ఉంది. దాని దగ్గర పట్టాకి బిగించిన తీగలు పక్కనున్న పెట్టెలోకి వెళ్తున్నాయి. అంతే.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సైన్సు ప్రదర్శనకి దీని నమూనా చేద్దామని పట్టుబట్టాడు. నాకే అర్థం కాకుండా వాడికేం చెప్పను? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఓమ్‌నియమం:
ట్రాక్ సర్క్యూట్ అంటారండీ దాన్ని. రెండు పట్టాలనూ రెండు తీగలనుకోండి. చక్రాలు, ఇరుసు అన్నీ ఇనుమే కాబట్టి బండి రాగానే రెండు పట్టాలూ కలుస్తాయి. సర్క్యూట్ పూర్తవుతుంది, రిలేకి, అంటే కరెంటు వస్తే అయస్కాంతంలా మారి వేరే స్విచ్‌ని కదిలించే పరికరానికి, కరెంటు వెళ్తుంది, ఎర్రదీపం వెలుగుతుంది. అంటే బండే స్విచ్ అన్నమాట. మీట అవసరం లేదు.

రిలేగది:
తమ్ముడు సగం సరిగ్గా చెప్పాడు. మిగతా సగం తలకిందులైంది. ముప్పై ఏళ్లు సిగ్నల్ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది.

బండి వచ్చినప్పుడు రిలేకి కరెంటు వెళ్లడం కాదు, ఆగిపోవడం. పట్టాలు ఖాళీగా ఉన్నప్పుడే సర్క్యూట్ పూర్తిగా ఉంటుంది. ఇలా విడిగా కట్టిన పట్టాల ముక్కని సెక్షన్ అంటాం. సెక్షన్‌కి ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే. కరెంటు ఒక పట్టాలోంచి వెళ్లి రిలే కాయిల్ గుండా రెండో పట్టాలోంచి తిరిగొస్తుంది. ఆ కరెంటు ఉన్నంతసేపూ రిలే పైకి లేచి ఉంటుంది. మేం పికప్ అయింది అంటాం. పికప్ అయి ఉంటేనే సిగ్నల్‌ని ఆకుపచ్చ చేయడానికి దారి ఉంటుంది.

బండి మొదటి ఇరుసు లోపలికి రాగానే కరెంటుకి దగ్గరి దారి దొరుకుతుంది. రిలే దాకా పోనక్కర్లేకుండా ఇరుసు మీదుగానే వెనక్కి తిరిగిపోతుంది. రిలేకి బలం చాలదు, దాని ఆర్మేచర్, అంటే లోపల కదిలే ఇనుప ముక్క, సొంత బరువుతో కింద పడుతుంది. మేం డ్రాప్ అయింది అంటాం. సిగ్నల్ ఎరుపు.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన పద్ధతిలో కట్టామనుకోండి. తీగ తెగిపోతే? బ్యాటరీ అయిపోతే? బండి వచ్చినా రిలేకి కరెంటు రాదు, సిగ్నల్ ఆకుపచ్చగానే ఉండిపోతుంది. వెనకొచ్చే డ్రైవర్ నమ్మి వచ్చేస్తాడు. నేను చెప్పిన పద్ధతిలో తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, పట్టా పూర్తిగా విరిగి విడిపోయినా, రిలే కాయిల్ కాలిపోయినా ఫలితం ఒక్కటే, ఎరుపు. బండ్లు ఆగుతాయి, జనం విసుక్కుంటారు, ప్రాణాలు మాత్రం పోవు.

మీరు చూసిన నల్లటి ముక్క ఇన్సులేషన్. ఈ సెక్షన్ కరెంటు పక్క సెక్షన్‌లోకి పోకుండా పట్టాను అక్కడ విడదీస్తారు. ఆ ముక్క అరిగిపోతే పక్క సెక్షన్ కరెంటు మన రిలేని ఎత్తేస్తుందేమోనన్న భయం ఉంటుంది. అందుకే పక్కపక్క సెక్షన్లలో ప్లస్ మైనస్‌లు తారుమారు చేసి పెడతారు. ముక్క పాడైనప్పుడు రెండు కరెంటులూ ఒకదానికొకటి ఎదురై రిలే కింద పడేలా ఏర్పాటు చేసుకుంటారు.

ఓమ్‌నియమం:
క్షమించండి రిలేగది గారూ, నేను తొందరపడ్డాను. మరి ఇంకో అనుమానం. ఇరుసు బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే కదా? బండి అక్కడే గంటసేపు నిలబడితే బ్యాటరీ ఏమైపోతుంది?

రిలేగది:
మంచి ప్రశ్న. బ్యాటరీకీ పట్టాకీ మధ్య ఒక రెసిస్టెన్స్ పెడతారు. అది బ్యాటరీని కాపాడటానికే అని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద పని ఇంకోటి ఉంది.

సులువైన అంకెలతో చూడు. బ్యాటరీ 2 వోల్టులు, రెసిస్టెన్స్ 3 ఓములు, రిలే కాయిల్ 9 ఓములు. పట్టాలు ఖాళీగా ఉంటే మొత్తం 12 ఓములు, రిలేలో దాదాపు 167 మిల్లీ ఆంపియర్లు. ఇప్పుడు బండి వచ్చింది. తుప్పు, దుమ్ము అన్నీ కలిపి ఇరుసు దారి 0.5 ఓము అనుకుందాం. లెక్కకట్టి చూస్తే రిలేకి మిగిలేది 30 మిల్లీ ఆంపియర్లు. రిలే కింద పడిపోతుంది.

ఆ 3 ఓములు తీసేసి మళ్లీ లెక్కకట్టు. రిలే రెండు కొసలా ఇరుసు ఉన్నా లేకపోయినా 2 వోల్టులే. బ్యాటరీ కాలిపోయేంత కరెంటు ఇరుసులోంచి పోతుంది, రిలే మాత్రం కదలదు. బండి ఉన్నట్టే తెలియదు! బండిని కనిపెట్టేది ఆ చిన్న రెసిస్టెన్సే. చేతి కిందకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే.

ఓమ్‌నియమం:
కాగితం మీద వేసి చూశాను, 30కి కొంచెం పైనే వచ్చింది. ఇంత చిన్న లెక్క మీద ఇన్ని బండ్లు నడుస్తున్నాయంటే ఒళ్లు పులకరించింది.

పాతపటాలు:
చక్రధ్వని గారు మొదట అనుకున్న మీట ఆలోచన తప్పేం కాదు. దీన్ని కనిపెట్టిన మనిషి కూడా అక్కడే మొదలుపెట్టాడు.

ఆయన పేరు విలియం రాబిన్సన్, అమెరికా ఇంజనీరు. 1870లో పెన్సిల్వేనియాలోని కిన్‌జువా దగ్గర ఫిలడెల్ఫియా అండ్ ఈరీ రైల్వే మీద ఒక ఏర్పాటు చేశాడు. బండి సెక్షన్‌లోకి వచ్చేటప్పుడు చక్రం ఒక మీటని తొక్కుతుంది, సిగ్నల్ ప్రమాదం చూపిస్తుంది. అవతల కొసన బయటికి పోయేటప్పుడు ఇంకో మీటని తొక్కుతుంది, సిగ్నల్ మళ్లీ దారి ఇస్తుంది. బాగానే పనిచేసింది. కానీ ఆయనకి నిద్రపట్టని సందర్భాలు కొన్ని ఉన్నాయి. బండి మధ్యలో లింకు తెగి సగం పెట్టెలు సెక్షన్‌లోనే ఉండిపోతే? ముందు సగం అవతలి మీటని తొక్కేసి వెళ్తుంది, సిగ్నల్ ఖాళీ అంటుంది. బండ్లు నిలిపే పక్క లైను, సైడింగ్ నుంచి ఓ పెట్టె దొర్లి మెయిన్ లైన్ మీదకొస్తే? అది ఏ మీటనీ తొక్కలేదు కాబట్టి అసలు లెక్కలోకే రాదు. మీటకి పోయే తీగ తెగితే సంగతి సరేసరి.

అప్పుడు ఆయన ప్రశ్నే మార్చాడు. బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని అడగడం మానేసి, ఈ క్షణాన ఈ పట్టాల మీద ఏమైనా ఉందా అని అడిగాడు. పట్టాలనే తీగలుగా వాడి, కరెంటు ఎప్పుడూ పారుతుండేలా కట్టాడు. 1872 ఆగస్టు 20న దానికి పేటెంట్ వచ్చింది. ఒక్క పెట్టె మిగిలిపోయినా, ఒక్క ఇరుసు ఉన్నా సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. ఆ తర్వాత ఆయన కంపెనీని జార్జ్ వెస్టింగ్‌హౌస్ తీసుకుని 1881లో యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ సంస్థలో కలిపాడు. ఎయిర్ బ్రేకు కనిపెట్టిన వెస్టింగ్‌హౌసే.

150 ఏళ్లు దాటినా మూలసూత్రం మారలేదు. నాకు ఇంజన్ల చరిత్ర కన్నా ఈ చరిత్రే ఎక్కువ ఇష్టం.

చక్రధ్వని:
ఎంత బాగా చెప్పారండీ. మా వాడికి చదివి వినిపిస్తుంటే లింకు తెగిన బండి దగ్గర ఆపి, "అయితే మీట పద్ధతి అబద్ధం చెప్తుందన్నమాట" అన్నాడు.

ఇంకో ప్రశ్న. వానాకాలంలో ముందు బండి లేకపోయినా సిగ్నల్ ఎర్రగా ఉండిపోయి మా బండి చాలాసేపు ఆగిన సందర్భాలున్నాయి. అది కూడా దీనివల్లేనా?

రిలేగది:
చాలాసార్లు దీనివల్లే. రెండు పట్టాల మధ్యా ఉన్నది కంకర, స్లీపర్లు. పొడిగా, శుభ్రంగా ఉంటే వాటిలోంచి కరెంటు పెద్దగా కారదు. కంకరలో మట్టి చేరి, దాని మీద నీళ్లు నిలిస్తే ప్రతి అడుగులోనూ కొంచెం కొంచెం కారిపోతుంది. ఇందాకటి లెక్కలోనే పట్టాల మధ్య 4 ఓముల కారుడు పెట్టి చూడండి. రిలేకి 167 బదులు 107 మిల్లీ ఆంపియర్లే అందుతాయి. మట్టి ఇంకా పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. ఒక హద్దు దాటాక రిలే పడిపోతుంది. పట్టాల మీద ఏదో ఉందని పాపం అది అనుకుంటుంది.

కారుడు ఎక్కువైందని బ్యాటరీ వోల్టేజి పెంచేస్తే సరిపోతుంది కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. అలా చేస్తే ఎండ కాసిన రోజున రిలేకి బలం మితిమీరి, నిజంగా బండి వచ్చినా డ్రాప్ అవ్వకపోవచ్చు. అందుకే తడిలో పికప్ అవ్వాలి, పొడిలో ఇరుసు పడగానే డ్రాప్ అవ్వాలి. ఈ రెంటి మధ్యే సర్దాలి. సెక్షన్ పొడవు పెరిగేకొద్దీ కారుడూ పెరుగుతుంది కాబట్టి మామూలు డీసీ ట్రాక్ సర్క్యూట్‌ని ఎంత పొడవైనా లాగలేం. అసలు మందు కంకర శుభ్రం చేయించడం, నీళ్లు పోయే దారి చూడటం. ఒకసారి ఓ యార్డులో వారం రోజులు ఒకే సర్క్యూట్ వెంట తిరిగాం. తీగలన్నీ మార్చాం, రిలే మార్చాం. చివరికి చూస్తే మూసుకుపోయిన కాలువ. అది తవ్వించాక మళ్లీ ఫిర్యాదు రాలేదు.

లోకోకిటికీ:
ఇంజను నడిపేవాడిగా ఒక మాట. ఎర్ర సిగ్నల్ దగ్గర ముందంతా ఖాళీగా కనిపిస్తున్నా ఆగి ఉండటం చాలా టెన్షన్. వెనక ప్రయాణికులు, కంట్రోల్ నుంచి ఫోన్లు. అయినా ఆ ఎరుపు తప్పుగా వచ్చిందో, ముందు పట్టా విరిగిందో నాకు తెలియదు. తెలియనప్పుడు రెండోదే నిజమనుకుని నడుచుకోవాలి. నా సర్వీసులో ఒకసారి అలాగే ఆగి, నిబంధన ప్రకారం అనుమతి తీసుకుని నడక వేగంతో వెళ్తే వంపులో పట్టా విడిపోయి కనిపించింది. ఆ రోజు నుంచి ఎరుపుని నేను ఎప్పుడూ తిట్టుకోలేదు.

మా వైపు జాగ్రత్త ఒకటుంది. చక్రాలు జారకుండా పట్టా మీద ఇసుక వదులుతాం. అదే ఇసుక ఎక్కువైతే చక్రానికీ పట్టాకీ మధ్య పొరలా పేరుకుని కరెంటుని అడ్డుకుంటుంది. తేలికైన ఒంటరి ఇంజను బాగా ఇసుక వదిలి అక్కడే ఆగిపోతే ట్రాక్ సర్క్యూట్‌కి కనిపించకపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఇసుక వాడకానికి నియమాలున్నాయి.

ఓమ్‌నియమం:
అంటే ఫెయిల్ సేఫ్, ఏది పాడైనా ఎరుపే వస్తుందన్న హామీ, నూటికి నూరుపాళ్లు కాదన్నమాట. తుప్పుపట్టిన పట్టాల సంగతి?

ఇరుసులెక్క:
అక్కడే మా యాక్సిల్ కౌంటర్లు, అంటే ఇరుసుల్ని లెక్కపెట్టే పరికరాలు, రంగంలోకి దిగుతాయి. బండ్లు అరుదుగా తిరిగే లైన్లలో పట్టా పైభాగం తుప్పుపడుతుంది. రాలిన ఆకులు చక్రాల కింద నలిగి గట్టి పొరలా అంటుకునే దేశాలున్నాయి. బ్రిటన్‌లో ఈ బెడద వల్లే తేలికపాటి రైలు పెట్టెలకి ఆ పొరని ఛేదించే ప్రత్యేక పరికరం అమర్చారు.

యాక్సిల్ కౌంటర్‌కి పట్టాలో కరెంటు అక్కర్లేదు. పట్టాకి ఒక పక్క ప్రసారం చేసే కాయిల్, ఇంకో పక్క అందుకునే కాయిల్ ఉంటాయి. చక్రం అంచు వాటి మధ్యగా పోయినప్పుడు అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, ఒక ఇరుసు అని లెక్కకి ఎక్కుతుంది. ఇలాంటి జతలు రెండు పక్కపక్కనే ఉంటాయి, ఏది ముందు చెదిరిందో చూసి బండి ఎటు పోతోందో తెలుసుకుంటుంది. సెక్షన్‌లోకి 96 ఇరుసులు వెళ్లి, అవతల 96 బయటికొస్తే ఖాళీ. 92 వస్తే నాలుగు ఇరుసులు, అంటే బహుశా ఒక పెట్టె లోపలే ఉండిపోయింది. ఎరుపు. పాతపటాలు గారు చెప్పిన లింకు తెగిన బండి దీన్ని మోసం చేయలేదు.

కంకర తడిసినా, స్లీపర్లు ఇనుపవైనా పట్టించుకోదు. కిలోమీటర్ల పొడవు సెక్షన్‌ని రెండు కొసల్లో పరికరాలతో చూసుకుంటుంది. నా ఓటు దీనికే.

రిలేగది:
ఇరుసులెక్క గారూ, మీ పరికరం మీద గౌరవం ఉంది, కానీ రెండు విషయాలు దాచిపెట్టారు. పట్టా విరిగితే దానికి తెలియదు. లోకోకిటికీ గారు వంపులో చూసిన విరిగిన పట్టా మీ లెక్కలో సున్నా ఇరుసులే, సిగ్నల్ ఆకుపచ్చే. రెండోది, కరెంటు పోయి వచ్చాక లోపల ఏముందో దానికి గుర్తుండకపోతే రీసెట్ చేయాలి. ఎవరు చేయాలి, లోపల బండి లేదని ఎలా నిర్ధారించాలి? అక్కడ మళ్లీ మనిషి మాట మీద ఆధారపడాలి. ట్రాక్ సర్క్యూట్‌కి జ్ఞాపకం అక్కర్లేదు. కరెంటు రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్తుంది.

ఇరుసులెక్క:
రెండూ నిజమే, ఒప్పుకుంటాను. రీసెట్ చేశాక కూడా మొదటి బండిని జాగ్రత్తగా నడిపించి, లెక్క సరిపోయాకే మామూలుగా వదిలే పద్ధతి అందుకే పెట్టారు. అయితే విరిగిన పట్టా విషయంలో ఒక మాట. ట్రాక్ సర్క్యూట్‌కైనా పట్టా పూర్తిగా విడిపోతేనే తెలుస్తుంది. పగులు పట్టి ఇంకా అతుక్కుని ఉన్న పట్టాలోంచి కరెంటు హాయిగా పారుతుంది. దాన్ని పట్టుకోవాలంటే అల్ట్రాసోనిక్ తనిఖీ చేయాల్సిందే.

రిలేగది:
అది మాత్రం వందశాతం ఒప్పుకోవాల్సిందే.

చక్రధ్వని:
మధ్యలో అడ్డొస్తున్నాను. కరెంటు ఇంజన్లు తిరిగే లైన్లో ఆ పెద్ద కరెంటు కూడా పట్టాల్లోంచే వెనక్కి పోతుంది కదా? దాని మధ్య ఈ 2 వోల్టులు ఏం వినిపిస్తాయి?

ఇరుసులెక్క:
వేరే రకం కరెంటు వాడతారు. ఇంజన్లు ఏసీతో నడిస్తే ట్రాక్ సర్క్యూట్‌కి డీసీ, ఇంజన్లు డీసీతో నడిస్తే ట్రాక్ సర్క్యూట్‌కి ఏసీ. ఇంకా ముందుకెళ్తే ఆడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్లు, అంటే చెవికి వినిపించే ధ్వని స్థాయిలో సెకనుకి వందల వేల సార్లు మారే కరెంటు వాడేవి. ఫ్రాన్స్‌లో పుట్టిన యూఎం71 పద్ధతిలో 1700, 2000, 2300, 2600 హెర్ట్జ్ వాడతారు. పక్క సెక్షన్ది వేరే ఫ్రీక్వెన్సీ కాబట్టి పట్టాని కోసి నల్లముక్క పెట్టాల్సిన పని లేదు. మీ నమూనాకి ఇదేం వద్దు, డీసీ చాలు.

పాతపటాలు:
ఓమ్‌నియమం అడిగిన నూటికి నూరుపాళ్ల ప్రశ్న నన్ను వదల్లేదు. ముందు ఇది లేనప్పుడు ఏమయ్యేదో చెప్తాను. 1910 డిసెంబరు 24న ఇంగ్లండ్‌లోని హాస్ జంక్షన్‌లో సిగ్నల్ మనిషి రెండు ఒంటరి ఇంజన్లను సిగ్నల్ దగ్గర నిలబెట్టి, పని ఒత్తిడిలో మరిచిపోయాడు. వెనకొస్తున్న ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇచ్చాడు. తమకే ఇచ్చారనుకుని ఆ ఇంజన్లూ కదిలాయి. ఎక్స్‌ప్రెస్ వెనక నుంచి గుద్దింది, 12 మంది పోయారు. ఇలాంటి చోట్ల ట్రాక్ సర్క్యూట్ ఉండాలని విచారణ అధికారి రాశాడు. ఉండి ఉంటే ఆ మనిషి మరిచిపోయినా పట్టాలు మరిచిపోయేవి కావు.

ఇక ఇది ఉండి కూడా జరిగినవి. 1988 డిసెంబరు 12న లండన్ క్లాపం జంక్షన్ దగ్గర 35 మంది చనిపోయారు. కొత్త వైరింగ్ వేసినప్పుడు తీసేయాల్సిన పాత తీగ ఒకటి కొస కత్తిరించకుండా, చుట్టకుండా వదిలేశారు. అది మళ్లీ పాత చోటనే తగిలి, ట్రాక్ సర్క్యూట్‌ని పక్కకి నెట్టి సిగ్నల్‌కి కరెంటు ఇచ్చింది. పట్టాల మీద బండి నిలబడి ఉన్నా సిగ్నల్ ఎర్రబడలేదు. 2009 జూన్ 22న వాషింగ్టన్ మెట్రోలో 9 మంది. అక్కడ ఆడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్ పరికరాల్లోనే దొంగ సంకేతం పుట్టి, పట్టాల్లోకి పోకుండానే రిసీవర్‌కి చేరింది. ఆగి ఉన్న బండి కనిపించలేదు.

రెండు చోట్లా జరిగింది ఒకటే. పట్టాలోంచి రావాల్సిన కరెంటు వేరే దారిలో వచ్చింది. కరెంటు లేకపోవడం అన్నది ఈ పద్ధతిలో ఎప్పుడూ ప్రమాదం కాదు. రాకూడనప్పుడు రావడమే ప్రమాదం.

రిలేగది:
అందుకే వైరింగ్ పని ముగిశాక తీగలు లెక్కపెట్టకుండా ఏ సర్క్యూట్‌నీ వాడకానికి ఇవ్వకూడదు. పని ముగించే తొందరలో ఉన్నప్పుడే లెక్కపెట్టాలి.

చక్రధ్వని:
పది రోజుల తర్వాత వస్తున్నాను. నమూనా చేశాం! చెక్క మీద రెండు అల్యూమినియం పట్టీలు, 6 వోల్టుల బ్యాటరీ, 15 ఓముల రెసిస్టెన్స్, 5 వోల్టుల చిన్న రిలే. కాయిల్ కొలిస్తే 70 ఓములు. రిలే లేస్తే పచ్చ బల్బు, పడితే ఎరుపు. బొమ్మ బండి పెడితే మొదట ఏమీ జరగలేదు. చూస్తే దాని ఇరుసు ప్లాస్టిక్. ఇనుప ఇరుసున్న చిన్న ట్రాలీ చేసి తోస్తే ఎర్రబడింది. మా వాడు తీగ పీకి చూశాడు, ఎరుపు. బ్యాటరీ తీశాడు, రిలే డ్రాప్. బల్బులకి వేరే బ్యాటరీ పెట్టాం కాబట్టి ఎరుపు వెలుగుతూనే ఉంది.

చిక్కు ఒకటే. పది సార్లలో రెండు మూడు సార్లు ట్రాలీ పట్టీల మీద ఉన్నా పచ్చ బల్బే ఉంటోంది. అంటే మా నమూనా అబద్ధం చెప్తోంది. ప్రదర్శన ఎల్లుండి.

రిలేగది:
బాబూ, చాలా మంచి పని చేశారు. ఆ రెండు మూడు సార్లని వదిలేయకుండా చెప్పినందుకు ఇంకా సంతోషం.

చక్రాల మీద మురికి, అల్యూమినియం మీద పొర ఉంటాయి. అప్పుడు ఇరుసు దారి 2 ఓములు దాకా పోవచ్చు. లెక్కకట్టండి, 15 ఓములతో రిలే మీద ఇంకా 0.69 వోల్టు మిగులుతోంది. అలాంటి చిన్న రిలేలు ఒకసారి లేచాక అర వోల్టు దాకా పట్టుకుని వేలాడతాయి. ఆ 15 తీసి 27 ఓములు పెట్టండి, 5 వాట్లది. ఖాళీగా ఉన్నప్పుడు రిలేకి 4.3 వోల్టులు అందుతాయి, లేవడానికి చాలు. అదే మురికి ఇరుసుతో 0.4 వోల్టుకి దిగుతుంది, పడిపోతుంది. పట్టీలని గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి.

తర్వాత 2 ఓముల రెసిస్టెన్స్ ఒకటి తీసుకుని పట్టీల మీద అడ్డంగా పెట్టి చూడండి. బ్యాటరీ కొసన, మధ్యలో, రిలే కొసన, మూడు చోట్లా రిలే పడాలి. పడితేనే ప్రదర్శనకి పట్టుకెళ్లండి.

చక్రధ్వని:
27 ఓములు పెట్టాం. మూడు చోట్లా పడింది. ట్రాలీతో యాభై సార్లు తోసి చూశాం, యాభైసార్లూ ఎరుపు. 2 ఓముల రెసిస్టెన్స్‌ని మా వాడు జేబులో వేసుకున్నాడు, చూడ్డానికొచ్చిన వాళ్ల ముందు మొదట అదే పెట్టి చూపిస్తాడట.